బొగ్గు పళ్ళపొడి

మధ్యాహ్నం బడి గంట కొట్టగానే తిరుమల గోదావరిఖని కాలనీలోని తమ క్వార్టర్‌కు ఒకటే పరుగు తీసింది. మూడింటికి ఐదో తరగతి గ్రూప్ ఫోటో. తన పళ్ళేమో పసుపుపచ్చన. పక్క బెంచీ టోనీ పొద్దున్నే అననే అన్నాడు, "నువ్వు నవ్వకు. ఫోటో అంత పసుపు అయితది" అని.

రిబ్బను కోసం తిరుమల తన అవ్వ ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున పరిచిన పాత వారపత్రిక కాగితంలో ఒక ఇల్లాలు ధగధగలాడే పళ్ళతో నవ్వుతోంది. పైన పెద్ద అక్షరాలు: "బొగ్గుపొడితో పళ్ళు తోమే ఇల్లాలి నవ్వు ఎలా ఉంటుందో తెలుసా?"

తెలియకేం! ఎదురుగా కనబడుతూనే ఉంది కదా! మిగతా ప్రకటన దుప్పట్ల కింద ఉంది. వాటిని ఎత్తి చూసే ఓపిక మన తిరుమలకెక్కడిది?

ఆ గని కార్మికుల కాలనీలో బొగ్గుకు కరువా? పెరట్లో పొయ్యి పక్కన కుప్పే ఉంది. ఒక పెళ్ళ తీసుకుని, రాయితో నూరి, కసితీరా తోమింది. అద్దంలో చూసుకుంది. నోట్లో పళ్ళు లేవు, చీకటి ఉంది.

"అవ్వా!"

పరుగున వచ్చిన నానమ్మ సారవ్వ ఒక్క క్షణం హడలిపోయింది. తర్వాత నవ్వాపుకోలేకపోయింది.

"ఓ పోరీ! పళ్ళు తోమేది కట్టె బొగ్గు! నువ్వు రుద్దింది మీ బాపు గని బాయిల తవ్వే రాక్షసి బొగ్గు!"

"పేపర్ల రాసిండ్రు గదనే!"

అవ్వ దుప్పట్లు ఎత్తింది. కింద ఇలా ఉంది: "అసలు నవ్వదు, సిగ్గుతో నోరు మూసుకుంటుంది! నేడే మా తెల్లని పళ్ళపొడి వాడండి."

"గప్పుడు ఊరంత కట్టె బొగ్గుతోనే తోముకునేది. ఎవ్వలకు సిగ్గు లేకుండె" అంది అవ్వ. "మరి వాళ్ళ డబ్బ అమ్ముడుపోవాలంటే మాకు సిగ్గు పుట్టియ్యాలె గద! పుట్టిచ్చిండ్రు. నేనే రెండు డబ్బలు కొన్న."

ఎంత పుక్కిలించినా నలుపు వదల్లేదు. తిరుమలకు ఏడుపొచ్చింది. ఏడాదంతా గోడ మీద ఉండే ఫోటో అది! ఏమైనా సరే, నోరు తెరవకూడదనుకుని పెదాలు బిగించి బడికి వెళ్ళింది.

రెజీనా టీచర్ పొట్టివాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టింది. తిరుమల పక్కనే టోనీ. వాడి మూతి ముడుచుకుపోయింది.

"వచ్చే ఏడు నేను వెనక వరుసల ఉంట, చూడు" అని గొణిగాడు. "ఒక పొడి ఉన్నది. పాలల్ల కలిపి తాగితే నెలల జానెడు పెరుగుతరట. పేపర్ల వచ్చింది. నేను పొట్టిగ ఉన్నందుకు సిగ్గయితుంది."

తాగనీ, నన్ను పసుపు అన్నాడుగా అనుకుంది తిరుమల. కానీ వాడి ముఖం చూస్తే జాలేసింది.

"స్మైల్!" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"ఆగు టోనీ! కిందిదాక చదివినవా?" తిరుమల నోరంతా తెరిచి అరిచింది. "ఆ పొడి అమ్ముకునేందుకే నీకు సిగ్గు పుట్టిస్తుండ్రు!"

క్లిక్!

ఆ ఫోటోలో ముప్ఫై ఆరుగురు బుద్ధిగా కెమెరా వైపు చూస్తుంటారు. ముందు వరుసలో మాత్రం ఒక నల్లటి నోరు, దాన్ని చూసి సిగ్గంతా మరిచిపోయి పడీపడీ నవ్వుతున్న పొట్టి టోనీ.