డిటెక్టర్ కలిపేసిన రెండు తీగలు

పొద్దున ఏడింటికి మార్కాపురం దగ్గర పాత పలకల క్వారీలో శాస్త్రవేత్త వరప్రసాదాన్ని కాల్చి చంపారు. ఎనిమిదింటికి ఏజెంట్ కృపారాణి ఫోన్ మోగింది.

"క్వాంటమ్ కెమెరా డిజైన్లున్న డ్రైవ్ పోయింది. విదేశీ ముఠా. శ్రీశైలం బస్సులో దాటిస్తున్నారు. పెద్దదోర్నాలలో ఆపు," అన్నాడు చీఫ్.

"ఆయనకు గార్డునివ్వమని మూడుసార్లు అడిగాను సార్!"

"అది తర్వాత."

కృపారాణి ఫోన్ విసిరికొట్టింది. వరప్రసాదం తయారుచేసిన కెమెరాను జీపులో వేసుకుని, ఫారెస్టు గార్డు ఖాకీ తొడుక్కుని బయలుదేరింది.

చెక్‌పోస్టు దగ్గర యాత్రికుల బస్సులు బారులు తీరాయి. ఒక బస్సులోంచి పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో పావని దిగింది. ముఠాలో ఉంటూ రెండేళ్లుగా ఏజెన్సీకి కబుర్లందిస్తున్న డబుల్ ఏజెంట్.

"పలకకు బలపముందా?" అడిగింది కృపారాణి.

"విరిగింది." కోడ్ సరిపోయింది. "వెనక సీటు కింది పెట్టెలో డ్రైవుంది. బాంబు కూడా. కదిపితే పేలుతుంది. మూడు నిమిషాలే!"

జీపులోంచి కెమెరా పావనే తెచ్చిచ్చింది. చెక్‌పోస్టు వాచ్‌మన్ కొండయ్య జనాన్ని దింపి దూరంగా తరిమాడు.

ఆ కెమెరా ఫోటాన్లనే వెలుతురు కణాలను జంటలుగా లెక్కపెట్టి, పెట్టె నల్ల ప్లాస్టిక్ వెనకున్నదాన్ని చూపిస్తుంది. కృపారాణి బస్సెక్కి దాన్ని పెట్టెకు గురిపెట్టింది. స్క్రీన్ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. మధ్యలో లావుపాటి గీత.

"ఒకటే తీగ. కోసెయ్!" అంటూ పావని బస్సు దిగిపోయింది.

కృపారాణి బ్లేడు ఆగింది. వెలుతురు పడకపోయినా కెమెరాలోని డిటెక్టర్ ఉత్తుత్తి చుక్కలు లెక్కపెడుతుందని, వేడెక్కితే ఆ నాయిస్ పెరిగి పక్కపక్క గీతలు కలిసిపోతాయని వరప్రసాదం చెప్పేవాడు. ఆమె లెన్స్ మూసింది. అయినా సెకనుకు నాలుగు వేల చుక్కలు! కెమెరా వెనక్కి తిప్పింది. డిటెక్టర్‌ను చల్లబరిచే కూలర్ వైరు కొత్తగా కోసి ఉంది. కెమెరా తెచ్చిచ్చింది పావనే!

ఒళ్లు భగ్గుమంది.

"పెదనాయనా! గేటు దించు! ఆ కళ్లద్దాలామెను పోనీయొద్దు! ఐసుందా?"

"మజ్జిగలోకి తెచ్చినానమ్మా, ఇదిగో!" కొండయ్య బకెట్ అందించి గేటుకేసి పరుగెత్తాడు.

ఐసు ముక్కలు డిటెక్టర్ వెనక రేకుకు అదిమిపట్టింది. తొమ్మిది వందలు. అరవై. లావు గీత రెండుగా చీలింది. ఒకటి బ్యాటరీలోంచి వచ్చే తీగ, రెండోది కోస్తే పేల్చే ఉచ్చు తీగ. బ్లేడు రెంటినీ ఒకేసారి తాకితే పేలుడే. మూత సందులోంచి బ్యాటరీ తీగనొక్కదాన్నే తెంపింది.

టైమర్ ఒక్క సెకను దగ్గర ఆగింది. పెట్టెలో డ్రైవ్ లేదు.

అది గేటు దగ్గర పట్టుబడ్డ పావని హ్యాండ్‌బ్యాగులో దొరికింది. బాంబు పేలి ఉంటే డ్రైవ్, కెమెరా, కృపారాణి అన్నీ కలిసి పేలిపోయాయని లోకం నమ్మేది.

"ఏందమ్మా ఈమె? మనామె కాదా?" అన్నాడు కొండయ్య, పావని చేతులు తాడుతో బిగిస్తూ.

"నేను మీ మనిషినే!" అని అరిచింది పావని.

"కాదన్నదెవరు?" కృపారాణి పళ్లు నూరింది. "అందుకే మా జైల్లోనే పెడతాం."