పది నిమిషాల కరెంటు

ఆ ఉదయం నాలుగు కార్లలో మూడు లేచాయి. నాలుగోది టిక్కు టిక్కుమని దగ్గి ఊరుకుంది.

"మళ్ళీనా!" చిన్నవాడు స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు.

వంటింట్లో టిఫిన్ డబ్బా మూత పెడుతున్న అతని వదిన చేతులు ఆగిపోయాయి. ఆమె ఆపరేషన్ థియేటర్లో నర్సు. కత్తెర ఉండాల్సిన చోట లేకపోతే ఆమెకు ఊపిరాడదు. మొన్న ఆదివారం ఆ ఇంట్లో ఎవరూ సాహసించని పనికి నడుం కట్టింది. గరాజ్ మూలన పాముల పుట్టలా పడి ఉన్న బ్యాటరీ చార్జర్ వైర్లన్నీ విడదీసి, ఒక్కో కారు వైరుకి ఒక్కో రంగు టేపు చుట్టి, గోడకు వరసగా కొక్కేలు కొట్టి తగిలించింది. మామగారి పాత కారుకు పసుపు, భర్తకు నీలం, తనకు ఎరుపు, మరిదికి ఆకుపచ్చ. అసలే చలికాలం, పైగా ముసలి బ్యాటరీలు. ఆఫీసులన్నీ దగ్గరే కాబట్టి దారిలో చార్జి ఎక్కదు. అందుకే రూలు ఒక్కటే పెట్టింది: రాత్రి వైరు బ్యాటరీకి, పొద్దున కొక్కేనికి. రాత్రి తగిలించే పని తనే నెత్తిన వేసుకుంది.

గబగబా గరాజ్‌లోకి వచ్చింది. ఆకుపచ్చ టేపు వైరు బుద్ధిగా కొక్కేనికి వేలాడుతోంది. రాత్రి తన చేతుల్తో బ్యాటరీకి పెట్టిన వైరు!

"ఇదివరకైతే వైర్లు చిక్కుపడ్డాయి, ఎవరిదో లాగితే నాది ఊడిందనుకున్నాను వదినా," అన్నాడు మరిది. "ఇప్పుడు నువ్వు అద్దంలా సర్దావు. కొక్కెం దానంతటది వచ్చి వైరు లాక్కోదు కదా?"

ఈలోగా ఆమె భర్త మాటాపలుకూ లేకుండా తన కారు తెచ్చి తమ్ముడి కారుకి ఎదురుగా నిలిపాడు. రెండు బానెట్లూ లేచాయి. ఒక బ్యాటరీ నుంచి ఇంకో బ్యాటరీకి కరెంటు ఇచ్చే లావు వైర్లు బయటికొచ్చాయి.

"ఎరుపు పెట్టావా?"

"పెట్టాను."

"నలుపు ఆగు. ఊ, ఇప్పుడు పెట్టు."

ఆర్నెల్లుగా అన్నదమ్ములు మాట్లాడుకునేది ఇంతే. అప్పట్లో ఒకరోజు చిన్నవాడు తన బండి వెనక్కి తీస్తూ అన్నయ్య కారు తలుపు మీద గీత పెట్టాడు. ఇంటినిండా చుట్టాలున్నారు. "నీకు సైకిలే ఎక్కువరా," అన్నాడు పెద్దవాడు. గీత రంగేస్తే పోయింది. మాట పోలేదు.

"పది నిమిషాలు ఆగండి," గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్న తండ్రి హెచ్చరించారు. "తొందరపడితే బ్యాటరీ చస్తుంది." బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మనిషి. బండి విషయంలో ఆయన మాటకు ఆ ఇంట్లో తిరుగులేదు. ఇద్దరూ చేతులు కట్టుకుని, చెరో టైరూ చూస్తూ నిలబడ్డారు.

కోడలు ఆకుపచ్చ వైరు ముందే ఆగిపోయింది. ఏదో తేడాగా ఉంది. తను వైర్లను వదులుగా, గుండ్రంగా చుడుతుంది. ఇది అలా లేదు. అరచేతికీ మోచేతికీ మధ్య బిగించి చుట్టి, చివరి చుట్టును మధ్యలోంచి దూర్చి ముడేసినట్టుంది. మరిదైతే వైరును ఉండ చేసి విసిరేస్తాడు. భర్త అసలు ముట్టుకోడు.

మరెవరు?

ఆ జవాబు అరగంటలో దొరికింది. మామగారు చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఇస్త్రీపెట్టె వైరు చుడుతున్నారు. అరచెయ్యి, మోచెయ్యి, అరచెయ్యి, మోచెయ్యి. చివరి చుట్టు మధ్యలోంచి దూరింది.

కోడలు ఆ ముడి వంకే చూస్తూ నిలబడింది. ఆయన తలెత్తి చూసి, "ఏమ్మా, డ్యూటీకి టైమవలేదూ?" అన్నారు అమాయకంగా.

"అయింది మామయ్యా," అంది. ఆ రోజు థియేటర్లో డాక్టరు ఒకటికి రెండుసార్లు అడిగితే గానీ ఆమెకు వినపడలేదు. కన్నకొడుకు బండి చార్జర్ ఈయన ఎందుకు పీకుతున్నట్టు?

సాయంత్రం బాంబు పేలింది. చిన్నవాడు అందరిముందూ ఒక తాళంచెవి బల్లమీద పెట్టాడు.

"ఆఫీసు దగ్గర ఒక గది చూశాను. వచ్చే వారం వెళ్ళిపోతున్నా."

"ఎందుకురా?" తండ్రి కుర్చీలో ముందుకు వంగారు.

"ఈ ఇంట్లో నా బండి ఒక్కటే ఎందుకు చస్తోంది నాన్నా? వదినది చావదు, అన్నయ్యది చావదు. రాత్రి తగిలించేది వదిన. పొద్దునకి ఊడేది నాది. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదేగా?"

"నోరు జారకు!" పెద్దవాడు లేచాడు.

"నోరు జారడం నీ దగ్గరే నేర్చుకున్నాలే!"

కోడలు మామగారి వంక చూసింది. ఆయన కళ్ళు నేలమీద ఉన్నాయి. వేళ్ళు పంచె అంచును చుడుతున్నాయి, విప్పుతున్నాయి. తను ఒక్కమాట అంటే నింద తప్పుతుంది. కానీ ఆ వయసులో ఆయన్ని కొడుకుల ముందు దొంగలా నిలబెట్టాలి. అనకపోతే ఇల్లు విడగొట్టిన కోడలన్న పేరు జన్మంతా మోయాలి.

"నేనే మర్చిపోయానేమో," అంది. "పని ఒత్తిడిలో ఉంటాను కదా. నాదే పొరపాటు."

"నువ్వా?" భర్త తెల్లబోయాడు. "పడుకునే ముందు గ్యాసు మూడుసార్లు చూసేదానివి, నువ్వు మర్చిపోవడమా!"

"చాలమ్మా!" పెద్దాయన లేచి నిలబడ్డారు. "నా తప్పు నువ్వు నెత్తిన వేసుకోకు. పీకింది నేను."

అన్నదమ్ములిద్దరూ ఆయన వైపు తిరిగారు.

"పీకితే ఒక్క రాత్రికి బ్యాటరీ చావదు. అందుకని వెనకసీటు దీపం కూడా వేసి, తెల్లారేముందు ఆర్పేవాణ్ణి. వైర్లు చిక్కుపడి ఉన్నన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. కోడలు సర్దింది, నేను దొరికిపోయాను."

"నా బండి మీద నీకేం పగ నాన్నా?" అన్నాడు చిన్నవాడు.

"బండి మీద కాదురా, మీ మౌనం మీద! ఒకే బల్ల దగ్గర తింటూ ఉప్పు కావాలంటే నన్నడుగుతారు. 'నాన్నా, ఉప్పు ఇటివ్వమను.' నేను మనిషినా, టెలిఫోన్ ఎక్స్ఛేంజీనా? మీ అమ్మ ఉంటే ఇద్దరి చెవులూ మెలిపెట్టి కూర్చోబెట్టేది. నాకు తెలిసిన విద్య వైర్లదొక్కటే. ఆ బండి లేవని రోజున మీరిద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. 'ఎరుపు పెట్టావా?' 'పెట్టాను.' ఆ రెండు ముక్కలు వినడానికే ఆ గుమ్మంలో కుర్చీ వేసుకునేవాణ్ణి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పెద్దవాడు ఉన్నట్టుండి అడిగాడు:

"మరి ఆ పది నిమిషాలు?"

"రెండు చాలురా," అన్నారాయన తలొంచుకుని.

"రెండా! ఆ పది నిమిషాల పుణ్యమా అని ఆఫీసులో నాకు 'ఆలస్యం' అని పేరు పెట్టారు నాన్నా!"

ముందు చిన్నవాడే నవ్వాడు. ఆపుకోబోయి, ఆపుకోలేక, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ నీళ్ళు నవ్వు ఆగాక కూడా ఆగలేదు. పెద్దవాడు వెళ్ళి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"సైకిలన్నాను కదా."

"అన్నావు."

"అనకూడదు. అందరిముందూ అసలే అనకూడదు."

"గీత పెట్టింది నేనే కదన్నయ్యా," అంటూ చిన్నవాడు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "రేపు తిరిగిచ్చేస్తా. వదినా, నిన్ను అన్న మాటకి..."

"క్షమాపణలు వద్దు. ఆదివారం గరాజ్ నువ్వు ఊడువు. మామయ్యా, మీరు మాత్రం వైర్ల దగ్గరికి రాకండి!"

"రానమ్మా, రాను," అన్నారాయన, పసిపిల్లాడిలా.

మర్నాడు పొద్దున కూడా నాలుగు కార్లలో మూడే లేచాయి.

టిక్కు టిక్కుమన్నది ఈసారి పెద్దవాడి కారు. కోడలు గిరుక్కున మామగారి వైపు తిరిగింది. ఆయన రెండు చేతులూ పైకెత్తేశారు. "నీ మీదొట్టమ్మా, నేను కాదు!"

గోడ మీద నీలం టేపు వైరు కొక్కేనికి ఉంది. పుట్టి బుద్ధెరిగి వైరు చుట్టని చేతులు చుట్టినట్టు, సగం చుట్టి సగం నేలమీద జీరాడుతోంది. కారు వెనకసీటు దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది. పాపం, ఆర్పడం మర్చిపోయాడు.

"ఒరేయ్ చిన్నోడా," బయటినుంచి ఆమె భర్త గొంతు ఖంగుమంది, "నా బండి లేవట్లేదురా! నీది ఇటు తే."

ఆమె నవ్వుకుంటూ నీలం వైరు తీసింది. అరచెయ్యి, మోచెయ్యి, అరచెయ్యి, మోచెయ్యి. చివరి చుట్టు మధ్యలోంచి దూర్చింది. ఈ పద్ధతే బాగుంది, ఊడిపోదు. గుమ్మంలో మామగారు అప్పటికే కుర్చీ వేసుకున్నారు.

"ఎరుపు పెట్టావా?"

"పెట్టాను అన్నయ్యా. పది నిమిషాలు ఆగాలట."

"ఆగుదాంలే."