తొమ్మిదేళ్లు బట్టలు ఆరేసిన క్యూ

ఉదయం ఏడున్నరకి తల్లి డాబా మీద తడి చొక్కాని క్యూ కొసకి తగిలించి పై తీగ మీదికి ఎక్కించింది. తీగ ఆమెకి అందదు. పూల్ బల్ల మీద బంతులు కొట్టే కర్రతో తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో జరుగుతున్న పని అదే.

"దీని మూతి ఊడిందే," అంటూ కూతురికి చూపించింది.

కొసన ఉండే తోలు బిళ్ల రాలిపోయింది. దాని కింద తెల్ల తొడుగు బయటపడింది. కూతురు క్యూని వెలుతురు వైపు తిప్పింది. పళ్ల డాక్టర్లకి కట్టుడు పళ్లు చేసిచ్చే ల్యాబులో పదహారేళ్లుగా ఆమె ఉద్యోగం. తొడుగు అంచు మీద సన్నటి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వలలా ఉన్నాయి. ప్లాస్టిక్‌లో అలాంటి గీతలుండవు. ఏనుగు దంతంలోనే ఉంటాయి.

"అమ్మా, ఇది నకిలీదని ఎవరన్నారు?"

"మీ నాన్నే. ఇప్పుడెందుకే ఆ గొడవ? తువ్వాలు ఇలా ఇవ్వు."

ఆ గొడవ జరిగి తొమ్మిదేళ్లయింది. అప్పట్లో తండ్రి పూల్ హాలు నడిపేవాడు. క్యూని చేతికిస్తే కళ్లు మూసుకుని బరువు చెప్పేవాడు, వేరే చోట తూచి చూసుకున్నా అదే వచ్చేది. తను ఆడేది మాత్రం తన గురువు ఇచ్చిన పాత క్యూ. తోలు బిళ్ల మార్పించడానికి కొడుకు దాన్ని పట్టుకెళ్లి రెండ్రోజుల తరవాత తెచ్చాడు. తండ్రి ఒక్క దెబ్బ కొట్టి బల్ల మీద పెట్టేశాడు. "ఇది నాది కాదు," అన్నాడు. కొడుకు అదే నెలలో మోటార్ సైకిల్ కొన్నాడు.

తండ్రి కేకలెయ్యలేదు. భోజనాల దగ్గర ఒక్క మాట అడిగాడు. "ఎంతకమ్మావ్?"

మర్నాడు కొడుకు ఇల్లు వదిలేశాడు. వెళ్లింది ఎక్కడికో కాదు, రెండు బస్టాపుల అవతలికి. లిఫ్టులు బాగుచేస్తాడు. తల్లి గురువారాలు వెళ్లి చూసొస్తుంది. తండ్రి ఎక్కడికెళ్లావని అడగడు, ఆమె చెప్పదు. కొడుకు దొంగ అనే మాట గడప దాటి పోకూడదని తండ్రి ఆ క్యూని బయటివాళ్లెవరికీ చూపించలేదు. ఆ ఏడాదే హాలు అమ్మేశాక అది డాబా మీదికి చేరింది.

ఆ మధ్యాహ్నం కూతురు సెలవు పెట్టి, బీరువాలో ఉన్న తండ్రి పాత పూల్ పోటీ ఫొటో తీసుకుని, క్యూలు బాగుచేసే ముసలాయన కొట్టుకి వెళ్లింది.

ఆయన క్యూ వాసన చూశాడు. "సబ్బు?"

"బట్టలారేస్తున్నాం."

"ఇంకా నయం, పొయ్యిలో పెట్టలేదు."

ఆయన క్యూని పలక మీద దొర్లించాడు. వంపు తిరిగిందేమో, కాస్త ఎగిరింది. పట్టు దగ్గర దారం నానిపోయిందన్నాడు. పిడి మీద నల్ల చెక్కని ముక్కోణాలుగా అతికారు. వాటి మొనల దగ్గర స్కేలు పెట్టాడు. నాలుగు మొనలూ ఒకే ఎత్తులో లేవు.

"మిషన్ కోస్తే అన్నీ ఒక్క గీత మీదుంటాయి. ఇది చేత్తో కోసిన పని." నడుం దగ్గర మర తిప్పి రెండు ముక్కలు చేశాడు. "ఇత్తడి మర. మరకి ఇంత వెడల్పు మెట్లు దీన్ని చేసినతను మహా అయితే నాలుగేళ్లు వాడాడు. తరవాత ఉక్కుకి మారాడు. మీ కర్రకి తక్కువలో తక్కువ యాభై ఏళ్లు."

"అదే రకంది ఇంకొకటి తెచ్చిపెట్టుండొచ్చు కదండీ?"

"తెచ్చుండొచ్చు. ఫొటో ఇలా ఇవ్వండి."

ఫొటోలో తండ్రికి ముప్పై ఏళ్లుంటాయి, క్యూని నిలువుగా పట్టుకుని ఉన్నాడు. ముసలాయన ఫొటో మీద భూతద్దం పెట్టాడు, తరవాత కర్ర మీద పెట్టాడు. మూడో ముక్కోణం పక్కన చెక్కలో ఒక నల్ల చార పైకెళ్లి రెండుగా చీలింది. ఫొటోలోనూ అక్కడే చీలింది.

"ఎవరు చేసినా చెక్కలో చారల్ని తిరిగి పుట్టించలేరమ్మా. ఆ కర్రే ఇది. ఎవరూ మార్చలేదు."

కూతురు కొట్టు బయట నిలబడి అన్నకి ఫోన్ చేసి ముసలాయన మాట చెప్పింది. అటువైపు లిఫ్టు మోటారు మోగుతోంది.

"అన్నయ్యా, విన్నావా?"

"విన్నాను. నేను మార్చలేదని నాకు తెలుసు కదా. ఇందులో కొత్తేముంది?"

"నాన్నకి కొత్త."

"ఆయనకే చెప్పు మరి."

"నేను చెప్తే చాలదు. ఆదివారం రా. నీకు దణ్ణం పెడతాను."

ఆదివారం పదకొండింటికి అతను వచ్చాడు. చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. తండ్రి కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఏడేళ్ల నుంచీ వణుకుడు జబ్బు. కుడిచెయ్యి ఒళ్లో దానంతటదే కదులుతోంది. తండ్రీ కొడుకులు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఎవరి ముఖంలోనూ ఏమీ కదల్లేదు.

కూతురు ఫొటో, భూతద్దం, క్యూ ముందు పెట్టి దంతం, ముక్కోణాలు, మర, చార అన్నీ చెప్పింది. తండ్రి చాలాసేపు చూశాడు.

"చార నాకెందుకే? ఇటివ్వు."

కుడిచేత్తో పిడి పట్టుకున్నాడు. క్యూ కుర్చీ కోడుకి టకటకా కొట్టుకుంది.

"నాది కాదు. నా కర్ర నాకు తెలీదా?"

"అక్కడ ఆయన స్కేలు పెట్టి..."

"స్కేలుతో ఆడతావా?"

"అయిపోయిందిగా," కొడుకు లేచాడు. "అమ్మా, నేను వెళ్తున్నాను."

తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఒక్కరైనా కదిలారంటే చూడండి! గురువారం గురువారం దొంగలా వెళ్లొస్తున్నది నేను. మీ ఇద్దరికీ పౌరుషాలు, నాకు బస్సు టికెట్లు!"

కొడుకు తండ్రి చేతి వైపు చూశాడు. పనిలో అతను రోజూ చూసేది యంత్రాల కదలికే.

"నాన్నా, ఆ రోజు ఒక్క దెబ్బ కొట్టి పెట్టేశావు. అప్పుడెలా అనిపించింది?"

"చేతికి తెలియలేదు. పరాయిదాన్ని పట్టుకున్నట్టుంది."

"ఏ చేతికి?"

తండ్రి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

కొడుకు కుర్చీ ముందు కూర్చుని తండ్రి ఎడమచేతిని పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టాడు. ఆడేటప్పుడు ఆ చెయ్యి క్యూకి దారి. తండ్రి వేళ్లు వాటంతటవే వంగి, బొటనవేలు పైకి లేచింది. కొడుకు పిడి తను పట్టుకుని సన్నటి కొసని ఆ వేళ్ల మధ్య నుంచి మెల్లగా ముందుకి తోశాడు, వెనక్కి లాగాడు. మళ్లీ తోశాడు.

తండ్రి కళ్లు మూసుకున్నాడు. నాలుగోసారికి ఎడమచెయ్యి క్యూ మీద బిగిసింది.

"ఆపు."

కొడుకు ఆపాడు.

"నాదే," అన్నాడు తండ్రి.

తల్లి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు ఏళ్లు లెక్కేసుకుంది. డాక్టరు జబ్బు పేరు చెప్పింది గొడవ జరిగిన రెండేళ్లకి. కుడిచెయ్యి అంతకుముందే అదుపు తప్పడం మొదలై ఉండాలి. ఆ ఇంట్లో ఆ చేతిని అనుమానించడం ఎవరికీ తోచలేదు.

"దొంగన్నాను నిన్ను," అన్నాడు తండ్రి.

"ఆ మాట అనలేదు. ఎంతకమ్మావ్ అన్నావు."

"అదీ అదే."

"అవును, అదే."

తండ్రి కుడిచేతిని ఒళ్లోంచి ఎడమచేత్తో ఎత్తి కొడుకు ముందు పెట్టాడు.

"అప్పుడు పోయింది ఇదిరా. నేను కర్ర పోయిందనుకున్నాను."

కొడుక్కి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆ చేతిని రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. చెయ్యి ఆగలేదు. అతను వదల్లేదు.