వెనక్కి జరిగిన సీటు

డ్రైవింగ్ స్కూలాయన రెండో భార్యని అందరూ పొట్టి అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది ఆయనే, ముద్దుగానే. ఆమెకి మాత్రం ఆ పిలుపు వింటే ఒళ్ళు మండిపోయేది, ఎందుకంటే పోయిన మొదటావిడ పొడుగు. పొడుగొక్కటే అయితే సర్దుకునేదే. మొదటిసారికే లైసెన్సు తెచ్చుకున్న మనిషి, ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి ఆవిడ. ఆఫీసు గోడ మీద ఫొటో కూడా కారుకి ఆనుకుని దర్జాగా తీయించుకున్నదే.

పొట్టి రెండుసార్లు టెస్టుకి వెళ్ళింది. రెండుసార్లూ ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించే చోట బండి వెనక్కి జారింది. మూడోసారీ తప్పితే ఆడవాళ్ళ క్లాసులకి బయటి మనిషిని పెట్టుకుంటానని ఆయన తేల్చి చెప్పేశాడు.

"అదే మీ అక్కయితేనా, కళ్ళు మూసుకుని ఎక్కించేసేది," అంటూ ఓ నిట్టూర్పు కూడా విడిచాడు. ఆ నిట్టూర్పు ఆమెకి రెండ్రోజులు అన్నం సయించనివ్వలేదు.

ఆ తర్వాతే కారు పెట్టే షెడ్డులో వింత మొదలైంది. తడిసిన రబ్బరు వాసన, పెట్రోలు వాసన, రేకుల మీంచి బొట్టు బొట్టుగా జారే నీటి చప్పుడు... పొద్దున్నే ప్రాక్టీసుకి వెళ్ళేసరికి డ్రైవరు సీటు చివరిదాకా వెనక్కి జరిగి ఉండేది. అద్దం పైకి తిరిగి ఉండేది. కాళ్ళు పొడుగున్న మనిషెవరో అప్పుడే దిగి వెళ్ళినట్టుండేది.

"నాకు తెలీకుండా ఎవత్తెకి నేర్పుతున్నారు?" ఒకరోజు నిలదీసింది.

"నీకు నేర్పేసరికే తల ప్రాణం తోకకొస్తోంది. ఇంకొకత్తె కూడానా తల్లీ!" అని నవ్వేశాడాయన.

ఆమె నమ్మలేదు. టెస్టు ముందు రోజు తాళంచెవులు తన దిండు కిందే పెట్టుకుని పడుకుంది. తెల్లవారి చూస్తే షెడ్డు తాళం వేసినట్టే ఉంది. సీటు మాత్రం వెనక్కే ఉంది. చెయ్యి వేసి చూసింది... వెచ్చగా ఉంది.

భయపడాల్సిన మాటే. కానీ భయం కంటే ముందు కుళ్ళుమోత్తనం పొంగుకొచ్చింది. చచ్చి కూడా చోటు వదలదా ఈవిడ! సీటుని బలంగా ముందుకు లాక్కుని, ఆ ఖాళీ కారులో పళ్ళు కొరికింది.

"అంత గొప్పదానివైతే నువ్వే వచ్చి పాసవ్వు!"

రేకుల మీది చప్పుడు టక్కున ఆగిపోయింది.

టెస్టు వేళకి మబ్బు కమ్మేసింది. సన్నగా తుంపర. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు గారు, మైదానం అంచున గొడుగు పట్టుకుని మొగుడు. ఎత్తు మీద బండి ఆగినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది. బండి వెనక్కి జారలేదు. వెన్నలో కత్తిలా పైకి సాగింది. మలుపులు, రివర్సు... ఎక్కడా చిన్న కుదుపు లేదు. తన కాళ్ళు ఏం చేస్తున్నాయో కూడా ఆమెకి పట్టలేదు.

"శభాష్, పాసయ్యారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆమెకి ఏనుగెక్కినంత సంబరం. ఇక ఆ ఫొటో గోడ దిగాల్సిందే.

"అవునమ్మా, సీటు అంత వెనక్కి పెట్టుకున్నారేం? కాళ్ళెలా అందుతున్నాయి?"

కిందికి చూసింది.

తన పాదాలు గాలిలో ఉన్నాయి. పెడళ్ళకి అందనంత దూరంలో. క్లచ్ దానంతటదే... నెమ్మదిగా... కిందికి దిగుతోంది. ఆమె చేతి కింద గేరు కర్ర కదిలింది. అరవబోయింది.

కారు వెళ్ళి సరిగ్గా ఆయన ముందు ఆగింది. ఆయన గొడుగు వదిలేసి పరుగున వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు. ఆయన ఎవరినైనా అంత ప్రేమగా చూడటం ఆమె ఎరగదు. అంత భయంలోనూ ఆ చూపు తనకేనని ఆశపడింది.

"ఎన్నాళ్ళకి..." అన్నాడు గుసగుసగా, కిటికీ దగ్గరికి వంగి.

ఆయన చూపు ఆమె ముఖం మీద లేదు. ఆమె తలకి జానెడు పైన ఆగింది.