షారోన్ అత్త ఇచ్చిన రక్తం

శనివారం. రాయదుర్గం ఆఫీసుకు పరుగెత్తే పని లేదు. ప్రగతి నగర్ ఇంట్లో పొద్దుటి ప్రార్థనకు వాక్యం చదవడం దీవెన వంతు. తండ్రి దేవరాజు బైబిలును ఆమె తెరిచేసరికి కీర్తనల మధ్య నుంచి మడత పెట్టిన ఉత్తరం జారి ఆమె ఒడిలో పడింది.

ఆసుపత్రి ఉత్తరం. తేదీ రెండేళ్ల కిందటిది. మేనత్త షారోన్ క్యాన్సర్‌తో పోయేముందు పరిశోధన కోసం రక్తం ఇచ్చింది. అందులో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు లోపం దొరికిందట. ఇన్నాళ్లూ పరిశోధనకే పరిమితమైన పరీక్షను ఇప్పుడు రోగుల కుటుంబాలకూ చేస్తున్నామని, ముందు షారోన్ అన్న దేవరాజు రావాలని, ఆయనలో ఆ లోపం ఉంటే పిల్లలకూ పరీక్ష అవసరమని రాశారు.

"ఏంది డాడీ ఇది?"

దేవరాజు కళ్లజోడు తీసి తుడవసాగాడు. "అప్పుడు నీకు సంబంధాలు చూస్తున్నం బిడ్డా. బయట తెలిస్తే ఎవరొస్తరు?"

"నా ఒంట్ల ఏమున్నదో ముందు నాకు తెల్వాల్నా, చాయ్ తాగిపోయెటోళ్లకు తెల్వాల్నా?"

"పొద్దుపొద్దున ఏం లొల్లి?" అంటూ తల్లి లీదియా వచ్చి ఉత్తరం అందుకుంది. చదివి, భర్త వైపు చూసింది. "నాకు గూడ చెప్పకపోతిరి."

"రోజూ ప్రార్థన చేస్తనే ఉన్న."

"ఉత్తరం మీద బైబిల్ మూసి చేసినవు," అంది దీవెన. "ముందుగాల రమ్మన్నది నన్ను కాదు, నిన్ను. నీకు లేకపోతే నీ దిక్కు నుంచి నాకు రానే రాదు. రెండేండ్లల్ల ఒక్క రోజు దొరకలేదా?"

అతని చూపు ఉత్తరం మీద లేదు, తన ముంజేతి నరాల మీద ఉంది. సంబంధాల మాట సాకేనని ఆమెకు అప్పుడు తెలిసింది. తెలిసి, కోపం ఇంకా పెరిగింది.

"అత్త చావబోతా గూడ మన కోసం రక్తమిచ్చింది. నువ్వు బతికుండి ఇయ్యలేవా?"

"నాలో ఉంటే నీకిచ్చింది నేనే అయిత గద," అన్నాడు దేవరాజు. "అది కాయితం మీద చూడలేననుకున్న."

దీవెన ఉత్తరంలోని నంబరుకు ఫోన్ చేసింది.

పదకొండు గంటలకు ఆసుపత్రిలో నర్సు సూది తీసి దూది పెట్టింది. "గట్టిగ ఒత్తండి సార్." అతని వేళ్ల కింద నుంచి దూది జారింది. దీవెన వంగి, తన బొటనవేలితో అదిమి పట్టుకుంది.

"ఇంకా కోపమున్నదా బిడ్డా?"

"ఉన్నది. చెయ్యి కదపకు."

ఆమె కన్నీళ్లు అతని మణికట్టు మీద పడుతున్నాయి. దేవరాజు చెయ్యి కదపలేదు.