ఆకురాయి గీతలు

ఆ గురువారం పొద్దున్నే ఛాయాదేవి డిటెక్టివ్ ఏజెన్సీ మెట్లెక్కిన మనిషి, తలుపు తెరిచే ఉన్నా రెండుసార్లు తట్టాడు. ఎవరూ తరమకపోయినా వెనక్కి తిరిగి చూసుకున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. కనుబొమల మీద కూడా సన్నటి చెక్కపొడి. అతని వెనకాలే ఇరవై రెండేళ్ళ అమ్మాయి. ఏడుపు అయిపోయి కోపం మాత్రం మిగిలిన ముఖం.

"అమ్మా, నా పేరు బిక్షపతి. నాచారం వర్క్‌షాపుల సీఎన్‌సీ మిషన్ నడిపిస్త. కంప్యూటర్ల నక్షా పెడితే చెక్కను కోసే మిషను. ఇది నా మేనకోడలు పద్మశ్రీ. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం. దీనికి దొంగ అని పేరు పెట్టిన్రు. నాకూ పెట్టిన్రు. జర మీరే చూడాలె."

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలకి గోతులు తవ్వుతున్న రోజులవి. 2013 ఏప్రిల్. ఆ రొదకి ఛాయాదేవి కిటికీ మూసి, ఇద్దరికీ కుర్చీలు చూపించింది. సర్వే ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పటాలు గీసిన మనిషి ఆమె. గీత ఎక్కడ వణికిందో చూసి, గీసినవాడు ఎక్కడ అబద్ధమాడాడో చెప్పగలదని ఆమె సహాయకుడు గిరిప్రసాద్ ఊరంతా చెప్పుకుంటాడు. కాస్త ఎక్కువే చెప్పుకుంటాడనుకోండి. కాకినాడ నుంచి వచ్చి పదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

పద్మశ్రీ సంగతి చెప్పింది. ఉప్పల్ బస్టాపుకి నీడ కోసం చెక్క పందిరి ఒకటి డిజైన్ చేసింది. నూట పన్నెండు పలకలు, ఏ రెండూ ఒకలా ఉండవు. మేకు లేకుండా ఒకదాని గాడిలో ఒకటి కూర్చుంటాయి. ఏప్రిల్ నాలుగున తెచ్చి కాలేజీలో నిలబెడదామంటే, అచ్చం అలాంటి పందిరే అక్కడ నిలబడి ఉంది. గౌతమ్ అనే తోటి విద్యార్థిది. మూడు రోజుల ముందే తెచ్చాడు.

"నాదే ముందు అయిపోవాలె మేడం. కానీ పవర్ హాలిడే కదా, వారంల మూడు రోజులు మిషన్ నడవలే. గౌతమ్ కోయించిన తాన జనరేటర్ ఉన్నది."

"గౌతమ్ ఏమంటాడు?"

బిక్షపతి అందుకున్నాడు. "ఫిబ్రవరిల నా తాన నక్షా ఇడిసిపోయిండంట, నేను తీసి దీనికిచ్చిన్నంట! వచ్చిండు నిజమే అమ్మా, రేటు అడిగిండు. ఒట్టి చేతుల్తోనే వచ్చిండు. ఆళ్ళ సార్ గదే నమ్మిండు. ఎల్లుండి శనివారం మీటింగు. దీన్ని ఏడాది పాటు కాలేజీ నుంచి తీసేస్తరట."

"నీ కంప్యూటర్లో ఫైలు ఉంటుంది కదమ్మా? చూపించలేదా?"

"చూపిస్త సార్ అని ల్యాప్‌టాప్ పట్టుకపోయిన. తేదీలు ఎవరైనా మార్చుకోవచ్చు, అవసరం లేదన్నరు. మూత కూడా తియ్యనియ్యలే." పద్మశ్రీ ఒళ్ళోని బ్యాగు దగ్గరికి లాక్కుంది. "మా ఇంట్ల నుంచి డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే మేడం. ఈ ఏడాది పోతే మల్ల పంపరు."

గిరిప్రసాద్ ఆ మాట నోట్‌బుక్కులో రాయకుండా ఊరుకున్నాడు. రాయనక్కర్లేకుండానే గుర్తుంటుందనుకున్నాడు.

*

మధ్యాహ్నం నాచారం వర్క్‌షాపులో కరెంటు లేదు. మిషన్ గుడ్డ కప్పుకుని పడుకుంది. పద్మశ్రీ పలకలు గోడకి కొట్టిన మేకులకి వేలాడుతున్నాయి. ప్రతి పలక పైమూలనా చిటికెన వేలు పట్టేంత రంధ్రం.

"ఈ రంధ్రాలు డిజైన్‌లో ఉన్నాయా?"

"లేవమ్మా. నా అలవాటది," అన్నాడు బిక్షపతి. "వార్నిష్ ఎయ్యాలంటే ఏలాడదియ్యాలె కదా. ఏ నక్షా వచ్చినా మిషన్ల ఎక్కించేటప్పుడే తలా ఒక రంధ్రం పెట్టేస్త."

ఛాయాదేవి కళ్ళు గోడ మీది సుద్ద రాతల దగ్గర ఆగాయి. మార్చి 3 అని రాసి, పక్కన 17.2 అని ఉంది.

"గది ప్లైవుడ్ మందం. పద్దెనిమిది మిల్లీమీటర్లని అమ్ముతరు, ఒక్క లోడన్న పద్దెనిమిది ఉండదు. లోడు దిగంగనే నేను వెర్నియర్ పెట్టి కొలిచి రాస్త."

"అందుకే నా గాడులు పదిహేడు పాయింట్ నాలుగు పెట్టిన," అంది పద్మశ్రీ. "పట్టుగా కూసుంటయి."

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. బ్యాటరీ మీద ఉన్నంతసేపట్లోనే చూపించాలని తొందర. "పారామెట్రిక్ మోడలింగ్ అంటరు మేడం. దీంట్ల మేం గీతలు గియ్యం. దేనికి ఏది ఎట్ల ముడిపడి ఉన్నదో రాస్తం. ఎండ ఏ వైపు నుంచి పడ్తది, చెక్క మందం ఎంత, అన్నీ అంకెలే. ఒక్క అంకె మారిస్తే నూట పన్నెండు పలకలూ వాటంతటవే మారుతయి." తెర మీద 'గాడి వెడల్పు' అని పేరు రాసిన చిన్న పెట్టెలో 17.4 కనిపిస్తోంది.

ఛాయాదేవి ఆ పెట్టె వైపు వంగింది. "కుట్టిన జాకెట్టు వేరు, కొలతలు రాసుకున్న కాగితం వేరు. అంతేనా?"

"గంతే మేడం! మిషనుకిచ్చేది కుట్టిన జాకెట్టు. ఉత్త గీతలు. దాన్ని మార్చుకోలేం."

"ఆ ఉత్త గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయి?"

"మామ మిషన్ల. ఇంకా ఒక సీడీల. కోతకు ముందు గైడ్ సంతకం కావాలె కదా. మార్చి పదకొండున సార్‌కు సీడీ ఇచ్చిన. కాగితం మీద సంతకం పెట్టిచ్చిన్రు. సీడీ మాత్రం కనిపిస్తలేదన్నరు, దాంట్ల ఏమున్నదో యాదికి లేదన్నరు."

*

శుక్రవారం కాలేజీలో గౌతమ్ పందిరి చూశారు. అందంగానే ఉంది, అదే బాధ. బల్ల మీద కొన్ని పలకలు విడిగా ఉన్నాయి. ఒక్కదానికీ మూలన రంధ్రం లేదు. ఛాయాదేవి ఒకటి తీసి గాడిలోకి వేలు పోనిచ్చింది. ఒక అంచు అద్దంలా నున్నగా ఉంది, రెండోది గరుకుగా, అడ్డదిడ్డంగా గీతలతో.

"చెక్క ఎక్కడిది బాబూ?"

"మౌలాలిలో కోయించానండీ. దిగుమతి బోర్డు. కచ్చితంగా పద్దెనిమిది మిల్లీమీటర్లు." గౌతమ్ నాగోల్ కుర్రాడు, మర్యాదస్తుడు. మాట్లాడుతున్నంతసేపూ చేతులు జేబుల్లోంచి తీయలేదు. ఫోను మోగితే తీయక తప్పలేదు. కుడిచేతి మూడు వేళ్ళకి ప్లాస్టర్లున్నాయి.

గైడు రామచంద్రరావు గదిలో గీతబల్ల మీద పెన్సిళ్ళు సూదుల్లా చెక్కి వరసగా పెట్టి ఉన్నాయి. గోడ నిండా ఆయన చేత్తో గీసిన గోపురాలు, మండపాలు. ఛాయాదేవి వాటి ముందు నిలబడిపోయింది. ఒక్క గీతా వణకలేదు. మూలనున్న కంప్యూటర్‌కి ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఉంది, గుడ్డ మీద దుమ్ము.

"పద్మశ్రీ ఇచ్చిన సీడీ చూశారా సార్?"

"సంతకం పెట్టానంటే చూసినట్టే కదండీ," అన్నాడాయన, కిటికీ వైపు తిరిగి.

బయటికి వచ్చాక గిరిప్రసాద్ దిగులుగా అన్నాడు. "మనకి అన్నీ ఎదురుగానే ఉన్నాయి మేడం. ముందు తెచ్చింది వాడు. నమ్మింది ఆయన."

"గిరిప్రసాద్ గారూ, ఎవరైనా తన సైజు తనకి తెలిసి, ఇరుకు చొక్కా కుట్టించుకుంటారా?"

ఆయనకి అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాడు.

*

శనివారం పదకొండింటికి కాలేజీ హాల్లో అందరూ కూర్చున్నారు. ప్రిన్సిపాల్ హైమావతి, రామచంద్రరావు, గౌతమ్, పద్మశ్రీ, తలుపు దగ్గర నిలబడే ఉన్న బిక్షపతి. ఛాయాదేవి రెండు పలకలు బల్ల మీద పెట్టింది.

"నాకు ఈ చదువు తెలియదు. అందుకని చెక్కనే అడిగాను," అని మొదలుపెట్టింది. "ఇది గౌతమ్ పలక. మందం పద్దెనిమిది. మిషన్ కోసిన గాడి మాత్రం, ఆకురాయి అందని అడుగు మూలన కొలిస్తే, పదిహేడు పాయింట్ నాలుగు. పట్టదు. అందుకే ప్రతి గాడినీ ఒక పక్క ఆకురాయితో అరగదీశారు. మొత్తం రెండు వందల ఇరవై పైచిలుకు. పద్దెనిమిది బోర్డు కొన్న మనిషి పదిహేడున్నర కూడా లేని గాడి ఎందుకు గీస్తాడు?"

హైమావతి ఆ పలక అందుకుని గాడి అంచు తడిమింది. ఛాయాదేవి కొనసాగించింది.

"ఆ అంకెకి అర్థం ఒకే ఒక్క చోట ఉంది. నాచారంలో మార్చి మూడున దిగిన లోడులో. బిక్షపతిగారు కొలిచి గోడ మీద రాశారు. పద్మశ్రీ దాన్నిబట్టి గాడి పెట్టింది. ఫిబ్రవరిలో గౌతమ్ ఇచ్చాడన్న డ్రాయింగులోకి మార్చిలో వచ్చిన చెక్క కొలత ఎలా వస్తుంది?"

గౌతమ్ తల దించుకున్నాడు.

"డిజైన్ పద్మశ్రీది. ఇక ఎక్కణ్ణుంచి పోయిందన్నది. ఆమె ల్యాప్‌టాప్ నుంచి పోతే గాడి వెడల్పు పెట్టె పేరుతో సహా కనిపించేది. అంకె మార్చేసుంటే సరిపోయేది, వేళ్ళు పగిలేవి కావు. కాబట్టి దొరికింది ఉత్త గీతలు. అవి రెండు చోట్లే ఉన్నాయి. బిక్షపతిగారి మిషన్‌లో ఉన్నవాటికి మూలన రంధ్రాలుంటాయి. గౌతమ్ పలకలకి లేవు. సరిపోని గాడిని కూడా ముట్టుకోలేనివాడు రంధ్రాలు మాత్రం తీసేయగలడా? కాబట్టి బిక్షపతిగారి దగ్గర్నుంచి ఏమీ పోలేదు. మిగిలింది సీడీ."

అందరి కళ్ళూ రామచంద్రరావు వైపు తిరిగాయి. ఛాయాదేవి మాత్రం గొంతు తగ్గించింది. "సార్, మీరు ఆ సీడీ చూడలేదు. చూసుంటే ఏప్రిల్ ఒకటిన గౌతమ్ పందిరి తెచ్చినరోజే, ఇది పద్మశ్రీది కదా అనేవారు. మీరు అబద్ధానికి కాపు కాసే మనిషి కాదు. మీ గీతలు చూశాను."

రామచంద్రరావు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "నాకు తెరవడం రాలేదు," అన్నాడు చివరికి. "ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను పాఠం. ఈ కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాక పిల్లలు మాట్లాడేది సగం అర్థం కాదు. ఆ అమ్మాయిని అడగడానికి సిగ్గేసింది. ఇందులో ఏముందో తీరిగ్గా చూసి చెప్పు అని గౌతమ్‌కిచ్చాను. తెరుచుకోవట్లేదు సార్ అన్నాడు. సంతకం పెట్టేశాను. తర్వాత ఇద్దరూ ఒకటే తెస్తే... ముందు తెచ్చినవాణ్ణి నమ్మడం నాకు తేలికైంది. సీడీ సంగతి చెబితే నా సంగతి బయటపడుతుంది."

"నేను క్లాసులకి సరిగ్గా రాలేదు మేడం," అన్నాడు గౌతమ్ ప్రిన్సిపాల్‌తో. ఏడుస్తున్నాడు. "నా డిజైనేదీ నిలబడలేదు. సీడీ తెరిస్తే అంతా తయారుగా ఉంది. మౌలాలి నుంచి పలకలొచ్చాక పట్టలేదు. ఐదు రోజులు కూర్చుని అరగదీశాను."

"నేర్చుకోవడానికి పడాల్సిన కష్టం దాచుకోవడానికి పడ్డావు నాయనా," అంది ఛాయాదేవి.

హైమావతి రెండు ముక్కల్లో తేల్చేసింది. ఏడాది పోయేది గౌతమ్‌కి. పద్మశ్రీ జ్యూరీ, అంటే డిజైన్ పరీక్ష, సోమవారం. బిక్షపతికి కాలేజీ తరఫున క్షమాపణ చెబుతూ ఆవిడ లేచి నిలబడింది. బిక్షపతి కంగారుపడి, తన చొక్కాకున్న చెక్కపొడి దులుపుకున్నాడు. తర్వాత పద్మశ్రీ తల మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. గోడ మీద సుద్ద రాత కాపాడింది," అన్నాడు.

అందరూ లేస్తుంటే రామచంద్రరావు పద్మశ్రీ దగ్గరికి వచ్చాడు.

"ఆ అంకె మారిస్తే నిజంగా అన్నీ మారతాయా అమ్మా?"

పద్మశ్రీ ఆయన్ని సూటిగా చూసింది. "మొన్న నేను ల్యాప్‌టాప్ తెచ్చిననాడు ఈ మాట అడిగి ఉంటే అయిపోతుండె కదా సార్. నాలుగు దినాలు మా అమ్మ అన్నం తినలే."

"అవునమ్మా," అన్నాడాయన.  అక్కణ్ణుంచి కదలలేదు.

హాలు ఖాళీ అవుతోంది. పద్మశ్రీ ల్యాప్‌టాప్ తెరిచి, 17.4 చెరిపి 18.2 కొట్టింది. తెర మీద రెండు వందల ఇరవై గాడులు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. తలుపు దగ్గర ఆగిన గౌతమ్ అది చూసి, ప్లాస్టర్ల చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"మళ్ళీ ఒకసారి," అన్నాడు రామచంద్రరావు, కుర్చీ లాక్కుని.

పద్మశ్రీ మార్చలేదు. ల్యాప్‌టాప్‌ని ఆయన వైపు తిప్పింది. "మీరే కొట్టండి సార్."

గీతలు వణకని ఆ వేలు కీబోర్డు మీద ఒకటి అంకె ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టింది. గిరిప్రసాద్ ఏదో అనబోతే, ఛాయాదేవి ఆయన చొక్కా పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది.