కర్పూరం మీద ప్రమాణం

"సర్కారు బడిలో సరస్వతీ ప్రార్థనేటండీ? మనది సెక్యులర్ దేశం. రాజ్యాంగం సదివేరా?"

1958లో, విరిగిన బెంచీలు చూసిపోదామని రాయగడ తెలుగు బడికి వచ్చిన విద్యాశాఖ గుమస్తా మన్మథరావు అన్న మొదటి మాట అది.

టీచరు అమ్మన్నమ్మ తడిసిన గొడుగు మూలకు ఆనించి అతణ్ణి ఎగాదిగా చూసింది. "దేవుడి పేరొద్దంతారు, మన్మథుడని పేరెట్టుకున్నారేటి మరి?"

పిల్లలు గొల్లుమన్నారు. అతనూ నవ్వేశాడు. ఆ నవ్వుకే ఆమె మనసు పారేసుకుంది.

ఆ వానాకాలమంతా వాదనలే. శుక్రవారం ఆమె మజ్జిగౌరమ్మ గుడికి వెళ్తే అతను గడప బయటే నిలబడి వెక్కిరించేవాడు. శీలమూ పాతివ్రత్యమూ ఆడదాన్ని కట్టిపడెయ్యడానికి అల్లిన కథలనేవాడు. "పెళ్లికి ముందు సంగతులు అడిగే హక్కు ఎవలికీ లేదు, అమ్మీ" అనేవాడు. ఆ మాటకే ఆమె కరిగిపోయింది.

కులాలు వేరు గనక రిజిస్టరు పెళ్లే అనుకున్నారు. కోరాపుట్ ఆఫీసులో నెల రోజులు నోటీసు వేలాడింది. రేపు పొద్దున్న సంతకాలకు బస్సెక్కాలి. ఏదీ దాచకూడదని, గుడి ముందు ఆమె చెప్పేసింది.

"గునుపూర్లో మా మేనబావ జోగయ్యతో నాకు పెళ్లి కుదిరింది. వారం ఉందనగా మలేరియాతో పోయేడు. ఆడంటే నాకు పేనం."

మన్మథరావు ముఖం మాడిపోయింది. "ఎంతవరకు ఎల్లేరు?"

"ఏటి ఎంతవరకు?"

"తెలీనట్టు మాటాడకు. కర్పూరం ఎలిగిస్తాను, సేత్తో ఆర్పి పెమాణం సెయ్యి. ఏటీ జరగలేదని."

వేళాకోళమనుకుంది. కానీ అతను నిజంగానే కర్పూరం తెచ్చి, ఎన్నడూ దాటని గడప దాటి, ఆమెను అమ్మవారి ముందు నిలబెట్టి వెలిగించాడు.

జోగయ్య ఆమె చెయ్యి కూడా పట్టుకోలేదు. ఆర్పితే అరచెయ్యి చురుక్కుమంటుంది, అంతే. రేపు బస్సెక్కొచ్చు. కానీ ఈ ఒక్క కర్పూరంతో అతని అనుమానం తీరుతుందా? ఆమె చెయ్యి లేవలేదు.

"మీకు అమ్మోరంటే నమ్మకం లేదు కదా. ఎవలి ముందు పెమాణం సెయ్యమంతన్నారు?"

"నీకుంది కదా! భయపడి నిజం సెప్తావు."

"అయితే మీరు నమ్మింది నా భయాన్ని. నన్ను కాదు."

"ఒక్కసారి సెయ్యి, అమ్మీ. ఈ జన్మలో మళ్లీ అడగను."

"రేపు నేను రాను" అనేసి ఆమె వానలోకి నడిచింది. పిలుస్తాడేమోనని మలుపు దాకా మెల్లగా నడిచింది. పిలవలేదు.

ఇంట్లో తల్లి అప్పమ్మ సంగతి విని, కులం నిలిచిందని రెండు చేతులూ జోడించింది. "మజ్జిగౌరమ్మే నిన్ను కాసింది, అమ్మీ."

అమ్మన్నమ్మ గోడకు జారగిలబడి భోరుమంది.

"కాయలేదే అమ్మా. నాకింకా ఆయనే కావాలనుందే!"